శివకృష్ణకు బద్లీ

సూరత్‌లో అంబదాస్ కుటుంబానికి నిలువనీడ దొరికిందే బద్లీ వల్ల. బద్లీ అంటే పెద్ద శాస్త్రమేమీ కాదు. సాంచా నడిపే మనిషికి, అదే కరెంటు మగ్గం నడిపే మనిషికి, ఒంట్లో బాగాలేకపోతే తనకు బదులుగా ఇంట్లోంచి ఒకరిని పంపుతాడు. వచ్చినవాడు అదే సాంచా ముందు, అదే పేరు మీద నిలబడతాడు. రిజిస్టరులో పేరు మారదు. సేఠ్‌కు కావలసింది బట్ట, మొహం కాదు. 1988లో అన్నకు కామెర్లు ముదిరాయని కబురొస్తే, పందొమ్మిదేళ్ల అంబదాస్ సిరిసిల్ల పక్క పల్లె నుంచి రైలెక్కి వచ్చి ఉధ్నాలో అన్న సాంచా ముందు నిలబడ్డాడు. అన్న మళ్లీ లేవలేదు. సాంచా అంబదాస్‌కు ఉండిపోయింది. మూడేళ్ల దాకా సేఠ్ అతన్ని అన్న పేరుతోనే పిలిచాడు, ఇతనూ ఆ పేరుకే పలికాడు.

అందుకే 2021 వేసవిలో కొడుకు శివకృష్ణ మంచం పట్టినప్పుడు ఆయనకు తోచిన దారి ఒక్కటే. ముప్పై మూడేళ్ల సాంచాల మోతలో చెవులు సగం పోయిన మనిషి కనక, సూరత్‌లో తాముండే గోడాదరాలో వీధి వీధంతా వినేలా ఆ దారి చెప్పాడు.

"ఎందుకురా గంత తండ్లాట? బద్లీ పెట్టు."

"బాపూ, గిది సాంచా కాదే" అన్నాడు శివకృష్ణ.

"ఏదైతేంది, పని పనే గద. ఇంట్ల హారతి లేదా?"

హారతి అప్పుడు తల్లి ఎల్లవ్వ పక్కన కూర్చుని కూలికి చీర కొంగుకు మెరుపు రాళ్లు అంటిస్తోంది. ఇరవై రెండేళ్ల పిల్ల. కిందటేడు కంప్యూటర్ డిగ్రీ పరీక్షలు సెల్‌ఫోన్‌లోనే రాసి పాసైంది. ఆ పాసు కాగితాన్ని చూస్తామన్నవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. కంపెనీలన్నీ ఉన్నవాళ్లనే తీసేస్తున్న రోజులవి. అన్న పని తనకు ఇమ్మని తండ్రి అంటున్నాడని తెలిసి ఆమె చేతిలోని రాయి జారి బండల మీద పడింది.

శివకృష్ణ చదువు మున్సిపాలిటీ తెలుగు బడిలో మొదలై, హిందీ బడి మీదుగా, ఏ భాషలో చెబుతున్నారో చెప్పేవాళ్లకే తెలియని ఒక ప్రైవేటు కాలేజీలో ముగిసింది. ఇరవై రెండో ఏట తాపీ నది అవతల అడాజన్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడు. బట్టల వ్యాపారులు ఇంట్లో కూర్చుని చీరల బొమ్మలు చూసి, ఎన్ని తానులు కావాలో రాసి, ఆర్డరు పెట్టుకునే వెబ్‌సైటు ఆ కంపెనీది. ఆ తెరల మీద కనిపించేదంతా శివకృష్ణ పని. బొమ్మా, బటనూ, రేటూ, ఆర్డరు కాగితమూ, అన్నీ.

అతనికి ముందు ఆ పని చేసిన మహానుభావుడు పన్నెండు వేల వరుసల కోడ్‌ను ఒకే ఫైలులో కుక్కి, చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. శివకృష్ణ ఆరు నెలలు వాడి ఏడుతరాలనూ తిట్టాడు. తిట్టి తిట్టి చివరికి తానూ అదే చేశాడు. చెయ్యక ఏం చేస్తాడు? పొద్దున ఫోన్ చేసి సాయంత్రానికి కావాలనే వ్యాపారులతో వేగేవాడికి చిక్కు విప్పే తీరిక ఎక్కడిది? పాతదానికి కొత్తది ముడేసుకుంటూ పోయాడు. ఒకే బటన్‌ను నలభై మూడు చోట్ల నలభై మూడుసార్లు రాసి పెట్టారు. రేటు లెక్క అయిదు తెరల్లో అయిదు రకాలుగా ఉంది. పన్ను మారితే అయిదు చోట్లా మార్చాలి, ఒకటి మరిచిపోతే అదే చీర ఒక తెరలో ఒక ధర, ఇంకో తెరలో ఇంకో ధర పలికేది. చూసేవాళ్లకు మాత్రం సైటు ముచ్చటగా ఉండేది. పైన పటారం, లోన లొటారం.

ఏ ముడి ఎక్కడుందో తెలిసింది శివకృష్ణ ఒక్కడికే. దాంతో అతనికి కాస్త గీర కూడా ఉండేది. "నేను రెండు దినాలు పోకుంటే దుకాణం బంద్" అనేవాడు చెల్లెలితో. నిజమే. బంధువుల పెళ్లికి పోయి పంక్తిలో కూర్చుంటే ఫోన్ మోగేది, ఎంగిలి చేత్తోనే లేచి వెళ్లేవాడు.

ఏప్రిల్‌లో జ్వరం వచ్చింది. పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ పందొమ్మిది రోజులూ అంబదాస్ గేటు బయట ఫుట్‌పాత్ మీదే పడుకున్నాడు. బిడ్డ బతికి ఇంటికొచ్చాడని ఎల్లవ్వ కొబ్బరికాయ కొట్టింది కానీ, వచ్చినవాడు మంచం మీంచి బాత్రూమ్ దాకా నడిస్తే పావుగంట రొప్పేవాడు. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని డాక్టర్ చెప్పాడు. అద్దెకు తెచ్చిన ఆక్సిజన్ మిషన్ మంచం పక్కన పొద్దంతా గురగురలాడేది. అంబదాస్ కార్ఖానా ఒక్క షిఫ్టే నడుస్తోంది, అదీ రోజు మార్చి రోజు. ఇల్లు గడిచేది శివకృష్ణ జీతంతోనే. అది పోతే ఏమిటన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరి మనసులోనూ అదే ఉంది.

కంపెనీని చూసుకునే హేమంగ్ భాయ్ మంచివాడు. "తొందరేం లేదు శివా, కోలుకో" అనేవాడు. రోజూ అనేవాడు. ఎందుకంటే శివకృష్ణ లేకపోతే అక్కడ బటన్ రంగు మార్చే దిక్కు కూడా లేదు. ఆఫీసు ఎలాగూ ఇళ్ల నుంచే నడుస్తోంది. ఎవరి ఇంట్లో ఏ చేతులు టైపు చేస్తున్నాయో చూసేవాళ్లెవరు? తండ్రి చెప్పిన బద్లీ మాట శివకృష్ణ మనసులో మెల్లగా కుదురుకుంది.

మొదటి రోజు చెల్లెలికి చిన్న పనే ఇచ్చాడు. ఒక్క బటన్‌ను నీలం నుంచి ఆకుపచ్చ చెయ్యమన్నాడు. ఆమె చేసింది. ఆ బటన్ ఆకుపచ్చగా మారింది, వేరే మూడు తెరల్లో బటన్లే మాయమయ్యాయి. వాటిని వెనక్కి తెచ్చేసరికి తలప్రాణం తోకకొచ్చింది. హారతి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నాతోని కాదన్నా."

శివకృష్ణ లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. ఆరేళ్లుగా తాను వేసిన ముడులన్నీ వేరేవాళ్ల కళ్లతో మొదటిసారి కనిపించినట్టున్నాయి.

"తప్పు నీది కాదు చెల్లె. గిట్లుంటే ఎవలొచ్చినా బద్లీ నిలవడరు. ముందుగాల సాంచా బాగు చెయ్యాలె."

అలా మొదలైంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ అన్నాచెల్లెళ్లు చేసిన పని ఏ వ్యాపారి కంటికీ కనబడదు. సైటు ముందెలా ఉందో తర్వాతా అలాగే ఉంది. లోపల మాత్రం పన్నెండు వేల వరుసల ఫైలును విప్పి, ఒక్కో పనికి ఒక్కో చిన్న ఫైలు చేశారు. నలభై మూడు బటన్లను చెరిపేసి ఒక్క బటన్ రాశారు. ఎక్కడ బటన్ కావాలన్నా ఇప్పుడు దాన్నే పిలవాలి. ఆరేళ్లుగా ఎవరూ వాడని తెరల కోడ్‌ను వెతికి వెతికి తీసేశారు. ప్రతి ముక్కకూ ఒక చిన్న పరీక్ష రాసి పెట్టారు. రేపెవరైనా తెలియక ఏదైనా చెడగొడితే, ఆ పరీక్ష వెంటనే ఎర్రగా వెలిగి చెబుతుంది. మొదటి తెర శుభ్రపడ్డ రోజు హారతి చప్పట్లు కొట్టబోతే, ఇల్లు అలకగానే పండగ కాదని ఎల్లవ్వే అడ్డుకుంది.

శివకృష్ణకు మాట్లాడే ఊపిరి తక్కువ, కోపం మాత్రం ఎప్పటిలాగే ముక్కు మీదే ఉండేది. ఆమె ఒకచోట పేరు తోచక ‘డేటా2’ అని పెడితే మంచం మీంచి లేచినంత పనిచేశాడు.

"డేటా2 ఏంది? బాపు నీకు... బిడ్డ2 అని పెట్టిండా?"

"మరేం పెట్టాలె?"

"అందుల ఏమున్నదో గదే పెట్టు. చదివినోడు... ఇంకొకల్లను అడిగే పని ఉండొద్దు."

ఆ మాట నాలుగు ముక్కలుగా, మధ్యలో దమ్ము తీసుకుంటూ అన్నాడు. హారతి దాన్ని నోటుబుక్కులో రాసుకుంది. చిన్నప్పటి నుంచీ ఏదైనా అడిగితే "నీకు తెల్వదు, పో" అనే అన్న. ఇప్పుడు ఒక్కో సంగతి చెప్పడానికి తన ఊపిరి ఖర్చు చేస్తున్నాడు. ఆమె జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. అన్న అలా పడి ఉంటే తనకు సంతోషమేమిటని సిగ్గుతో చచ్చిపోయేది, మళ్లీ పొద్దునే లేచి లాప్‌టాప్ తెరిచేది.

పొద్దున పదింటికి ఆఫీసు మీటింగ్. కెమెరా ఆపేసి శివకృష్ణ రెండే వాక్యాలు చెప్పేవాడు, నిన్న ఏం చేశాడో, ఇవాళ ఏం చేస్తాడో. ఆ రెండు వాక్యాల కోసం తొమ్మిది నుంచే ఎవరితోనూ మాట్లాడకుండా ఊపిరి దాచుకునేవాడు. ఆగస్టు వచ్చేసరికి అదీ చేతకాక, నెట్ సరిగా లేదని హారతి టైపు చేసి పంపేది. మార్పులన్నీ శివకృష్ణ పేరు మీదే లోపలికి పోయేవి. ఏ రోజు ఏ వరుస ఎవరు మార్చారో ఆ సైటు వెనక చిట్టా ఉంటుంది. నాలుగు నెలల చిట్టాలో హారతి అనే మనిషి ఎక్కడా లేదు. బద్లీకి పేరుండదని వాళ్లింట్లో అందరికీ తెలిసిందే, కాబట్టి ఆమె పట్టించుకోలేదు.

ఆగస్టు చివర ఒక మీటింగ్‌లో హేమంగ్ భాయ్ గొంతు హుషారుగా వినిపించింది. "శివా, ఏం మాయ చేశావయ్యా! నిన్న నేనే ఒక వరుస మార్చాను. నేను! ఏమీ చెడిపోలేదు." అందరూ నవ్వారు. మంచం మీద శివకృష్ణ కూడా నవ్వాడు. హారతి మాత్రం నవ్వలేదు.

"అన్నా, గాయనే మార్చుకుంటే ఇగ మనతోని ఏం పని?"

శివకృష్ణ చెయ్యి చాచి మీటింగ్‌లోంచి బయటికొచ్చాడు.

"రేటు లెక్క ఒక్కటే మిగిలింది గద. దాన్ని గట్లనే ఉండనియ్యి. అది మనకే తెల్వాలె."

తప్పుడు సలహా ఏమీ కాదు. సాంచాలు బాగుచేసే మేస్త్రీలు ఒక్క సంగతి తమ దగ్గరే దాచుకుని ముప్పై ఏళ్లు బతికేస్తారు. కానీ శివకృష్ణ అంబదాస్ కొడుకు.

"బాపు బద్లీ నిలవడ్డప్పుడు... పెదబాపు పోగులు చిక్కువెట్టి ఇచ్చిండా? శుభ్రంగ అప్పజెప్పిండు. సేఠ్ ఉంచుకున్నడు. నిన్నూ ఉంచుకుంటరు" అని ఆగి, దమ్ము తీసుకుని, "పండుగైనంక హేమంగ్ భాయ్‌కి నేనే చెప్త" అన్నాడు.

ఆరేళ్లు ఆఫీసులో పనిచేసిన మనిషి, ఎంతమందిని ఒక్క ఈమెయిలుతో ఇంటికి పంపారో కళ్లారా చూసినవాడు, ఇంత నమ్మకం ఎక్కణ్నుంచి తెచ్చుకున్నాడో! వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ ఆ ఇంటికి సూరత్‌లో దక్కినదంతా ఆ నమ్మకం వల్లే దక్కింది. దాన్ని కాదనుకుంటే అతనికి పట్టుకోవడానికి ఇంకేమీ లేదు. మరుసటి రోజు ఇద్దరూ రేటు లెక్క విప్పడం మొదలుపెట్టారు.

అది సగంలో ఉండగా, అక్టోబరు మొదటి వారంలో, ఒక మధ్యాహ్నం శివకృష్ణ పోయాడు. కరెంటు పోలేదు, మిషన్ ఆగలేదు. అది గురగురలాడుతూనే ఉంది. అతని ఛాతీ కదలడం లేదని ముందు చూసింది ఎల్లవ్వ. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు నిండి రెండు నెలలయింది.

అయిదో రోజు హారతి లాప్‌టాప్ తెరిచింది. ఇంటి నిండా చుట్టాలున్నారు. పిల్లకు మతి పోయిందని ఒకావిడ గొణిగింది. రేటు లెక్క అయిదు తెరల్లో రెండింటికి కొత్తది, మూడింటికి పాతది. దాన్ని అలాగే వదిలేస్తే ఇంకెవరికీ అంతుపట్టదు. హేమంగ్ భాయ్ గోడాదరా దాకా వచ్చి తలుపు కొట్టక తప్పదు. అప్పుడు "నాకు తెలుసు" అని ఆమె చెప్పవచ్చు. ఆ ఆలోచన ఆమెకు రాకపోలేదు. ఒక పూటంతా దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంది కూడా. కానీ పాతవాడిని అన్న తిట్టిన తిట్లన్నీ ఆమెకు నోటికి వచ్చు. రేపు ఈ సగం పని చూసి ఎవడో శివకృష్ణను అలాగే తిడతాడు. పోయినవాడు తిరిగి జవాబు కూడా చెప్పుకోలేడు. ఆమె తట్టుకోలేకపోయింది. రెండు రోజుల్లో మిగతా మూడు తెరలూ విప్పి, పరీక్షలు రాసి, పేర్లు సరిచూసి, అన్న పేరు మీదే పంపేసింది.

పదకొండో రోజు దాటాక అంబదాస్ గడ్డం గీయించుకుని తెల్లచొక్కా తొడుక్కున్నాడు.

"నడు బిడ్డా, అడాజన్ పోదాం. అడుగంది అవ్వన్న పెట్టదు."

"అక్కడ గట్లుండది బాపూ" అంది హారతి. ఆయనకు వినబడలేదో, విననట్టు ఊరుకున్నాడో, చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. ఆమె వెంట వెళ్లింది.

ఆఫీసు అద్దాల తలుపు బయట అంబదాస్ చెప్పులు విడిచాడు. హేమంగ్ భాయ్ ఎదురొచ్చి ఆయన చేతులు పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు. అది దొంగ ఏడుపు కాదు. టీ తెప్పించాడు. అంబదాస్ కుర్చీలో కూర్చోకుండానే, ముప్పై మూడేళ్లుగా సేఠ్‌లతో మాట్లాడిన హిందీలో, వచ్చిన పని చెప్పాడు. నా కొడుకు సాంచా మీద నాలుగు నెలలు నా బిడ్డ బద్లీ నిలబడింది. ఇప్పుడు కొడుకు లేడు. ఆమె పేరు రాసుకోండి సేఠ్.

హేమంగ్ భాయ్‌కి అర్థం కాలేదు. హారతి తలొంచుకుని విడమరిచి చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది. లేచి వెళ్లి గది తలుపు వేశాడు.

"ఈ మాట ఇంకెక్కడా అనకండి చాచా. కంపెనీలో లేని మనిషి లోపలికొచ్చి పనిచేసిందని తెలిస్తే వ్యాపారులు ఊరుకోరు. చెడ్డపేరంతా పోయినవాడి మీదికి వస్తుంది" అన్నాడు.

తర్వాత హారతి వైపు తిరిగాడు. ఆమెతో మాట్లాడడం ఆయనకు కష్టంగానే ఉంది. ఈ సైటు పనిని వడోదరాలో ఒక పెద్ద కంపెనీకి అప్పగించేశారట. ఇలాంటి సైట్లు వాళ్లు పాతిక చూస్తారట. "ఇదివరకు మూడుసార్లు అడిగాం. ఈ చిక్కు మాకొద్దని మూడుసార్లూ వెనక్కిచ్చారు. ఈసారి పంపిస్తే రెండే రోజుల్లో అంతా అర్థమైందన్నారు. ఇంత శుభ్రంగా ఎవరు చేశారని అడిగారు కూడా." ఇక ఈ ఆఫీసులో తెరలు చేసే ఉద్యోగమే లేదు. ఎక్కడైనా ఖాళీ తెలిస్తే ఫోన్ చేస్తానని ఆమె నంబరు రాసుకున్నాడు.

అంబదాస్‌కు సగమే వినబడింది. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకు వంగాడు. హేమంగ్ భాయ్ ఆయనను ఓదార్చాలని, కంప్యూటర్ ఆయన వైపు తిప్పి మార్పుల చిట్టా చూపించాడు.

"ఇదంతా మీ అబ్బాయి పని చాచా. చూడండి, వరుసగా అతని పేరే. ఎంత బాగా చేసిపోయాడంటే, ఇప్పుడు ఈ పని ఎవరైనా చెయ్యొచ్చు."

"ఆఁ?"

"ఎవరైనా చెయ్యొచ్చు" అన్నాడు హేమంగ్ భాయ్ గొంతు పెంచి.

అంబదాస్ తెర మీదికి వంగి కొడుకు పేరును చూశాడు. ఇంగ్లీషు రాని మనిషి, అయినా ఒకే ఆకారం కింద నుంచి పై దాకా ఉందని గుర్తుపట్టాడు. కాసేపు ఆయన మొహం వెలిగింది. ఆ పేర్లలో పై వరుసలన్నీ హారతి వేళ్లు. అన్న పోయాక ఏడో రోజున పంపిన వరుస కూడా అక్కడే ఉంది. ఇది నేను, ఇది కూడా నేను అని అరవాలనిపించింది ఆమెకు. అరిస్తే అన్న దొంగ అవుతాడు. టీ గ్లాసు కింద పెట్టి లేచింది.

వచ్చేటప్పుడు బస్సులో సీట్ల మీద గుర్తులు గీసి ఉన్నాయి, ఒకటి విడిచి ఒకటి కూర్చోవాలని. తండ్రీకూతుళ్లు మధ్య సీటు వదిలి కూర్చున్నారు. బస్సు తాపీ వంతెన దాటింది. అంబదాస్ మాస్కు కిందికి లాగి ఆమె వైపు తిరిగాడు. ఆయన అడిగిన తీరులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. తెలియక అడిగాడు, అంతే. గొంతు మాత్రం బస్సంతా వినబడింది.

"ఎవలైనా చెయ్యొచ్చన్నడు గద బిడ్డా?"

"అన్నడు బాపూ."

"మరి గా ఎవలైనాల... నువ్వు లేవా?"

ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. హారతి కిటికీ వైపు మొహం తిప్పుకుని, లేనని చెప్పింది. ఆయనకు వినబడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఆమె వైపు వంగాడు. ఆమె మళ్లీ, ఈసారి బస్సంతా వినేలా గట్టిగా చెప్పవలసి వచ్చింది.